జానెడు ఖాళీ

జోంబా బస్సు నాలుగింటికి రావాలి, నాలుగింటికి రాదని లింబె బస్టాండులో కుక్కలకు కూడా తెలుసు, అయినా ఎనెలెస్ మూడింటికే చెయ్యి పట్టుకు లాక్కొచ్చి ఈ సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టింది, ఇక ఈ గంట ఎట్లా గడుస్తుందో దేవుడికే తెలియాలి అనుకుంది ఎలూబే. పొద్దుటి నుంచి చిపెరోని ముసురు. వాన అనడానికి లేదు, మంచు అనడానికి లేదు, జూన్ నెల వచ్చిందంటే కొండల మీంచి దిగి మనిషి ఎముకల్లో కాపురం పెట్టేస్తుంది. బస్టాండు రేకుల మీంచి చుక్కా చుక్కా కారుతోంది. ఎనెలెస్ ఒళ్ళో పాత గుడ్డ చుట్టిన సీసా, దాన్నిండా తమ్ముడి కోసం కాచిన తీపి గంజి, వేడి పోతుందేమోనని దాన్ని పసిబిడ్డని హత్తుకున్నట్టు హత్తుకుని కూర్చుంది. గంట చాలు నిజానికి. గంట ఎక్కువే. అక్కా, ఆ రోజు ఆ టేపు తీసింది నేనే. లెక్కపెడితే ఏడు మాటలు. జోంబా జైలు నుంచి విడుదలయ్యే వాళ్ళ పేర్లు రేడియోలో చదివినప్పుడు, అందులో ఆ తమ్ముడు వైసన్ పేరు వినబడినప్పుడు, ఎలూబే వంటింటి గడప మీద కూలబడి ప్రమాణం చేసుకుంది, అతను బస్సు దిగేలోపు వాళ్ళక్కకి ఈ ఏడు మాటలూ చెప్పెయ్యాలని. దిగాక అతనే చెప్పేస్తాడు, అతనికి తెలుసు. లేదా చెప్పడు, అది ఇంకా భరించలేం. ఏదైనా కానీ, ఈ మనిషి ఆ సంగతి తన నోటి నుంచే వినాలి. తొమ్మిదేళ్ళుగా తనని చెల్లీ అని పిలుస్తున్న మనిషి.

"రాత్రంతా కన్ను మూతపడలేదు చెల్లీ," అంది ఎనెలెస్.

"నాకూ పడలేదక్కా," అంది ఎలూబే. అనేసింది. చూశావా, అదే మరి తన నోరు, మనసుతో పనిలేకుండా ముందే సిద్ధంగా ఉంటుంది. ఎదుటివాళ్ళు ఒక మాట అనడమే ఆలస్యం, నేనూ అంతే, నాకూ లేదు. ఉద్యోగం అలాంటిది మరి. పదిహేడేళ్ళు రేడియోలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి చెప్పి, దేశంలో సగం మందికి ఒప్పుకోవడం ఎలాగో నేర్పింది తనే. ఒకరు ఒక మాట అంటారు, దానికి మనం తల ఊపాలి, ఎట్లా ఊపాలి? ఆయనకి ఇష్టం అంటే సో డూ ఐ, ఆయనకి ఇష్టం లేదంటే నైదర్ డూ ఐ. నాకు మామిడి పళ్ళంటే ఇష్టం, అనేది తను మైకులో, అని ఆగేది. కొండల్లో, సరస్సు ఒడ్డున, టీ తోటల్లో, చెట్ల కింద రేడియో చుట్టూ కూర్చున్న పిల్లలంతా ఒక్క గొంతుతో, నాకూ ఇష్టమే, అనేవాళ్ళు. నాకు వానలో తడవడం ఇష్టం లేదు. మాకూ లేదు. మామిడి పండు మొహం చూడని పిల్లలు కూడా అనేవాళ్ళు. కాదు, నాకిష్టం లేదు, అనడం నేర్పే పాఠం ఒకటి ఉండేది, మూడో టర్ములో, కానీ ఏటా మూడో టర్ము వచ్చేసరికి దేశాన్నేలే పెద్దాయన పర్యటన వచ్చేది, బళ్ళలో పాఠాలు ఆపి ఆయన ముందు ఆడే డాన్సులు నేర్పేవాళ్ళు, ఆ పాఠం ఒక్కసారి కూడా ప్రసారం కాలేదు. ఎవరికీ దాని లోటు తెలిసినట్టు లేదు.

అని ఆగేది, ఆ ఆగడం మాత్రం తనది కాదు, వైసన్‌ది. తను మాటల మనిషి, అతను ఖాళీల మనిషి. తను చదివిన వాక్యాన్ని టేపు మీద వెతికి పట్టుకుని, బ్లేడుతో కోసి, మధ్యలో ఏమీ లేని టేపు ముక్క అంటించేవాడు, పిల్లలు జవాబు చెప్పుకోవడానికి. రూలు ప్రకారం నాలుగు క్షణాలు. స్కేలు పెట్టి కొలిచేవాడు, కొలిచి, తర్వాత స్కేలు పక్కన పడేసి తన చేతిని పెట్టి ఇంకో జానెడు కోసేవాడు. ఇదెందుకు, అని అడిగింది తను కొత్తలో. ముందు వరస పిల్లలు టక్కున చెప్పేస్తారు టీచరమ్మా, వెనక కూర్చున్నవాడు సిగ్గుపడతాడు, వాడు నోరు తెరిచేసరికి నువ్వు రెండో మాట అనేస్తావు, ఈ జానెడూ వాడిది, అన్నాడు. ఆ జానెళ్ళన్నీ కలిపి పాఠం నిమిషన్నర ఎక్కువయ్యేది, సూపర్‌వైజరు తిట్టేవాడు, వైసన్ అలాగే సార్ అనేవాడు, మర్నాడు మళ్ళీ జానెడు కోసేవాడు. అతన్ని పోలీసులు తీసుకుపోయాక వచ్చిన కుర్రాడు స్కేలు మనిషి. మాకు జవాబు చెప్పుకునే టైం చాలడం లేదు టీచరమ్మా అని బళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. తను వాటిని చదివి సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.

"పల్లీలమ్మా, వేడి వేడి పల్లీలు."

"వద్దమ్మా," అంది ఎలూబే.

తట్ట నెత్తిన పెట్టుకున్న ఆ పిల్ల రెండడుగులు వేసి ఠక్కున వెనక్కి తిరిగింది. "అయ్యో! ఈ గొంతు... మీరు రేడియో టీచరమ్మ కదూ? నిజం చెప్పండి! మా ఊళ్ళో మీరెట్లా ఉంటారో అని పందేలు వేసుకునేవాళ్ళం. పొడుగ్గా ఉంటారనుకున్నా."

"ఆవిడే, ఆవిడే," అంది ఎనెలెస్, సొంత చెల్లెల్ని చూపించుకున్నట్టు. "మా తమ్ముడూ ఆవిడా ఒకే గదిలో పనిచేసేవాళ్ళు. ఇవాళ వాడొస్తున్నాడు."

"ఒక్కసారి అనండమ్మా, చేపలంటే ఇష్టం అని, నేను జవాబు చెబుతా. మరిచిపోలేదు చూడండి."

"అను చెల్లీ, పాపం, ముచ్చట పడుతోంది."

ఎలూబే అంది. నాకు చేపలంటే ఇష్టం. ఆగింది. సో డూ ఐ, అని అరిచింది పల్లీల పిల్ల, బెంచీ చివర గొడుగు దులుపుకుంటున్న ముసలాయన కూడా అన్నాడు, మూటల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళూ అన్నారు, అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు, ఎనెలెస్ అయితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఎలూబే కూడా పళ్ళు చూపించింది. ఆ రోజు కూడా ఇదే జరిగింది, ఇలాగే, దేశమంతా.

టేపులకి కరువుగా ఉన్న రోజులు. సముద్రం అవతల నుంచి పెట్టె రావాలి, వచ్చేది కాదు. పాతవాటి మీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు. కింది అరలో ఉన్నవి చెరిపెయ్యదగ్గవి, పై అరలో ఉన్నవి దాచవలసినవి, వాటికి అందాలంటే స్టూలు ఎక్కాలి, ఏ అర అయినా సరే వైసన్ తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. టీచరు వస్తుంది, చదువుతుంది, పోతుంది. ఆ శనివారం వైసన్ భోజనానికి పోయాడు. సోమవారం పరీక్షల పాఠం. కింది అర ఖాళీ. తను స్టూలు ఎక్కింది, ఒక పాత డబ్బా తీసింది, డబ్బా మీద పెన్సిలు గీతలు అలుక్కుపోయి ఉన్నాయి, చదివిందా? చదవలేదు. చదవగలిగేదా? తొమ్మిదేళ్ళుగా ఇదే ప్రశ్న, దానికి జవాబు రోజుకో రకంగా వస్తుంది. తొలి చుట్లు ఎప్పుడూ అరిగిపోయి గరగరమంటాయని రెండు నిమిషాలు ముందుకు తిప్పి మొదలుపెట్టడం అక్కడ అందరికీ అలవాటు, తనూ అలాగే తిప్పి, పాఠమంతా ఒకసారి చదువుకుంది, మధ్యలో దగ్గు వచ్చింది, బాగా రాలేదు, సోమవారం పొద్దున్నే వచ్చి మళ్ళీ చదువుదాంలే అని చుట్టని అదే డబ్బాలో పెట్టి, స్టూలు ఎక్కి, అదే అరలో పెడుతుండగా తలుపు తీసుకుని వైసన్ వచ్చాడు. ఏంటి టీచరమ్మా, సీలింగు తుడుస్తున్నావా, అని నవ్వాడు. అంతే. అప్పుడు చెప్పినా సరిపోయేది. టేపు తీశాను వైసన్, అని ఒక్క మాట. రూలు తప్పానని వేళాకోళం చేస్తాడేమోనని చెప్పలేదు, ఇంతా చేసి కారణం అదీ, ఎవరికైనా చెబితే నవ్వుతారు. సోమవారం కింది అరలో వేరే టేపు దొరికింది, పాఠం దాని మీద చదివేసి పై అర మాటే మరిచిపోయింది.

బుధవారం మధ్యాహ్నం, పై అరలో దాచిన టేపు మీంచి, పెద్దాయన పంటల పర్యటన ఉపన్యాసం. బజారుల్లో, పార్టీ ఆఫీసుల్లో, తేయాకు మిల్లుల ముందు జనాన్ని నిలబెట్టి వినిపిస్తారు. బళ్ళలో పిల్లల్ని వరసలు కట్టిస్తారు. రెండు నిమిషాలు ఆయన గొంతు ఉరిమింది. నా ప్రజలారా, ఈ దేశంలో నేను, అన్నాడు, అని, గరగరమని, తర్వాత తన గొంతు, తీయగా, నాకు మామిడి పళ్ళంటే ఇష్టం. ఖాళీ. ఎండలో అటెన్షన్‌లో నిలబడ్డ లక్షమంది పిల్లలు అలవాటు కొద్దీ ఒక్కసారిగా జవాబు చెప్పారు. నాకు వానలో తడవడం ఇష్టం లేదు. మాకూ లేదు. హెడ్మాస్టర్లు చేతులతో నోళ్ళు మూసినా ఆగలేదట, రెండు మూడు మాటల దాకా చెప్పారట. ఇంకెప్పుడైనా అయితే ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వుకోవలసిన సంగతి. ఎవరూ నవ్వలేదు. వైసన్ కారిడార్ వెంట పరుగెత్తుకొచ్చి మిషను ఆపేశాడు, ఆపి, ఆ డబ్బా చేతిలోకి తీసుకుని చూశాడు, పై అర కేసి చూశాడు, తర్వాత, గుమ్మంలో నిలబడిపోయిన తన కేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బావుండేది.

"రేపటి నుంచి వాడికి నేను వండిందే పెడతా. చేప కూడా తెచ్చాను," అంటోంది ఎనెలెస్. "వాడికి ముల్లు తీసి పెట్టాలి చెల్లీ, చిన్నప్పటి నుంచీ అంతే. అక్కడెవరు తీసి ఉంటారు?"

"అక్కా," అంది ఎలూబే.

"ఊఁ?"

అక్కా, ఆ రోజు. ఎదురుగా ఒక మినీబస్సు వచ్చి బురద చిమ్ముతూ ఆగింది, ఇద్దరూ కాళ్ళు వెనక్కి లాక్కున్నారు, ఎనెలెస్ డ్రైవర్ని నాలుగు దులిపింది, దులిపి, "వీడి బండి తగలెయ్య, నాకీ మినీబస్సులు చూస్తేనే చిరాకు," అంది. నాకూ చిరాకే అక్కా, అంది ఎలూబే.

గురువారం తనని పిలిపించిన పోలీసు గదిలో ముగ్గురు కూర్చున్నారు. వైసన్ నిలబడి ఉన్నాడు, ముందు రోజు రాత్రి నుంచీ నిలబడే ఉన్నాడని తర్వాత తెలిసింది, చొక్కాకి పై రెండు గుండీలు లేవు. తనకి కుర్చీ వేశారు. అది కూడా మరిచిపోలేదు తను, తనకి కుర్చీ వేశారు, మంచినీళ్ళు కావాలా అని అడిగారు. పై అరలోంచి ఈ టేపు ఎవరు తీశారు? వైసన్ ఎదుటి గోడ కేసి చూస్తూ, నాకు తెలియదు సార్, అన్నాడు. ముగ్గుర్లో పెద్దవాడు తన వైపు తిరిగి, మరి నీకు? అన్నాడు. అప్పుడు వచ్చింది ఆ ఖాళీ. అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టుకుంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, తర్వాత ఇంకో జానెడు. వైసన్ తన వైపు చూడలేదు. గోడనే చూస్తున్నాడు. ఆ జానెడు అతను తనకి దేనికి వదిలాడో, నిజం చెప్పుకోవడానికా, తప్పించుకోవడానికా, తనకి ఇవాళ్టి వరకూ అర్థం కాలేదు. అర్థం కాలేదు అనుకోవడమే తేలిక. నాకూ తెలియదు సార్, అంది. చక్కటి ఇంగ్లీషులో అంది, పాఠంలో అన్నట్టు, గొంతు కూడా వణకలేదు. పెద్దవాడు రాసుకున్నాడు. రాసుకుని లేచి తనకి తలుపు తీసి పట్టుకుని, మా చిన్నది మీ పాఠం వినందే అన్నం ముట్టదమ్మా, అన్నాడు. థాంక్యూ సార్, అంది తను. అంతా పోనీ, భయపడింది, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మొగుడు పోయిన మనిషి, ఆ రోజుల్లో పెద్దాయన పేరు ఎత్తడానికే వణికేవాళ్ళు, అదంతా దేవుడి ముందు చెప్పుకోవచ్చు. ఆ థాంక్యూ ఎందుకు అన్నట్టు? దానికి ఏ దేవుడి ముందు నిలబడి ఏం చెప్పుకుంటుంది?

నెలకోసారి సబ్బూ చక్కెరా పట్టుకుని ఎనెలెస్ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిసారి వెళ్ళినప్పుడు చుట్టుపక్కల వాళ్ళు తలుపులు వేసుకున్నారు, జైలుకి పోయినవాడి ఇంటికి ఎవరూ పోరు, పార్టీ కుర్రాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఎనెలెస్ వాకిట్లోనే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ కలిపి మెల్లగా చప్పట్లు కొట్టింది, పెద్దవాళ్ళకి మర్యాదగా కొట్టినట్టు, తనకంటే చిన్నదాన్ని, దోషిని పట్టుకుని. వాణ్ణి మరిచిపోనిది లోకంలో నువ్వొక్కదానివే అంది. అప్పుడే చెప్పాల్సింది. ఆ చప్పట్లు వింటూ చెప్పలేకపోయింది. ఆ తర్వాత నెల మొక్కజొన్న దంచుతుంటే చెబుదామనుకుంది, ఎనెలెస్ రోకలి అందించింది, ఇద్దరూ వంతులవారీగా దంచారు. చర్చిలో పక్కపక్కన కూర్చుని చెబుదామనుకుంది. తన చిన్నమ్మాయి పెళ్ళిలో ఎనెలెస్ పెద్దమ్మ హోదాలో ముందు నిలబడి ఆడింది. ఏడుపొస్తోంది చెల్లీ అంటే నాకూ వస్తోందక్కా అంది, వచ్చిన మాటా నిజమే, ఆ ఏడుపులు రెండూ ఒకటి కావని చెప్పకపోతే ఎనెలెస్‌కి ఎట్లా తెలుస్తుంది? మంచిదాన్నని పేరొచ్చింది. మంచితనం అనే ఇంట్లో అద్దెకున్నట్టు బతికింది తొమ్మిదేళ్ళు, ఎప్పుడు ఖాళీ చేయమంటారోనని.

ఇప్పుడు పెద్దాయన గద్దె దిగాడు, అందరూ మాట్లాడుతున్నారు. టీ దుకాణాల్లో, బస్సుల్లో, గట్టిగా, పేర్లు పెట్టి. నిన్నటిదాకా పెద్దాయన బొమ్మ ఉన్న గుడ్డ కట్టుకుని ఆడినవాళ్ళే. చర్చిలో ఒకావిడ లేచి, నా మొగుణ్ణి ఫలానా వాడు పట్టించాడు అంది, ఆ ఫలానా వాడు మూడో వరసలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఎలూబే ఆ ఆదివారం పాట మధ్యలోనే లేచి ఇంటికొచ్చేసింది.

"వచ్చేసింది! చెల్లీ, వచ్చేసింది!"

నీలం బస్సు మలుపు తిరిగింది, ముసురులో లైట్లు వేసుకుని. ఎంతయింది టైము? నాలుగూ ఇరవై. గంటా ఇరవై నిమిషాలు ఇచ్చాడు దేవుడు, ఏడు మాటలకి. "అక్కా, ఒక్క మాట," అంది ఎలూబే, చెయ్యి పట్టుకుంది కూడా, కానీ ఎనెలెస్ అప్పటికే లేచింది, "నాకు కాళ్ళు ఆడటం లేదే," అంది, ఎలూబే నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది, "నాకూ ఆడటం లేదక్కా." దిగుతున్నారు. కోళ్ళ గంప దిగింది, పరుపుచుట్ట దిగింది, నర్సు పిల్లలు ఇద్దరు దిగారు. అందరూ దిగాక, మెట్ల వైపు వీపు పెట్టి, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టునీ కాలితో తడుముకుంటూ ఒక మనిషి దిగాడు. కోటు అతనిది కాదు, ఇంకెవరో లావుపాటి మనిషిది. ముందు పళ్ళు లేవు. ఎనెలెస్ బురదలోనే మోకాళ్ళ మీద కూలబడి చప్పట్లు కొట్టింది, కొట్టలేక అతని కాళ్ళు పట్టుకుంది.

"లే అక్కా, బురద," అన్నాడు వైసన్. గొంతు ఒక్కటే మారలేదు. తర్వాత తలెత్తి చూశాడు. "టీచరమ్మా. బాగున్నావా?"

"బాగున్నాను. నువ్వు బాగున్నావా?"

"నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే," అన్నాడు, ఆ ఊళ్ళో ఎవరైనా ఎవరితోనైనా అనేదే.

ఎనెలెస్ సీసా మూత తీసి అతని చేతులకి పెట్టింది, అతను తాగాడు, సగం కోటు మీద ఒలికింది, ఆవిడ కొంగుతో తుడిచింది, తుడుస్తూ తుడుస్తూ ఆవిడకి తొమ్మిదేళ్ళ దుఃఖం ఒక్కసారి పొంగుకొచ్చింది. "ఎవడు చేశాడురా ఈ పని? ఏ పాపిష్టి చెయ్యి తీసిందిరా ఆ టేపు? ఇప్పుడు భయం లేదు, చెప్పు, నీకు తెలుసా?"

వైసన్ సీసా మూత పెట్టాడు. తొందర లేకుండా, మర తిప్పుకుంటూ. "నాకు తెలియదక్కా," అన్నాడు.

"పాపం ఈమెకీ తెలియదు," అంది ఎనెలెస్, ఎలూబే చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంటూ. "నాతోపాటు తొమ్మిదేళ్ళు ఏడ్చింది ఈ పిచ్చిది. కదా చెల్లీ?"

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. అతను ఈసారి గోడ కేసి చూడటం లేదు, సూటిగా తన మొహంలోకే చూస్తున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడా? చలికి వణుకుతున్నాడా? ఎనెలెస్ చెయ్యి వెచ్చగా ఉంది, సీసా వెచ్చదనం అది.

"నాకు తెలుసు అక్కా," అంది ఎలూబే. "నేనే తీశాను. వైసన్ చూశాడు. ఆ రోజు అడిగితే తెలియదన్నాను."

రేకుల మీద ముసురు చప్పుడు. పల్లీల పిల్ల ఎక్కడో అరుస్తోంది. నేనూ అని గానీ, నాకూ అని గానీ చుట్టూ ఎవరూ అనలేదు. తన మాట ఒక్కటే గాలిలో నిలబడింది. ఎనెలెస్ చెయ్యి వెంటనే తీసెయ్యలేదు, ఆ చెయ్యి ఎవరిదో మరిచిపోయినట్టు కాసేపు అలాగే పట్టుకుని చూసి, తర్వాత జాగ్రత్తగా, పగిలే వస్తువుని పెట్టినట్టు, దాన్ని కిందికి దించి వదిలేసింది.

ముందు మాట్లాడింది వైసనే. "ఎందుకు చెప్పావు టీచరమ్మా?" అన్నాడు. కోపం లేదు, చాలా అలసిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు. "మొదటి ఏడు కొట్టారు, చెప్పలేదు. రెండో ఏడు, పేరు చెబితే ఇంటికి పంపిస్తాం అన్నారు, చెప్పలేదు. తర్వాత అడగడమే మానేశారు. అయినా రోజూ పొద్దున్నే లేచి, ఇవాళ కూడా చెప్పలేదు అనుకునేవాణ్ణి. ఇంకేముంది నాకు చెప్పుకోవడానికి? బతుకులో ఒక్క పని చేశాను. అక్కకి తెలియకుండా ఉంటే అది పూర్తయ్యేది." కోటు బొత్తాం కోసం తడుముకున్నాడు, అది లేదు. "ఆ రోజు చెప్పాల్సింది, చెప్పలేదు. ఇవాళ ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు."

ఎనెలెస్ వంగి అతని మూట ఎత్తుకుంది. మోకాళ్ళకి అంటిన బురద దులుపుకోలేదు. "పద తమ్ముడూ," అంది. ఎలూబే కూడా అడుగు వేయబోయింది. ఎనెలెస్ వెనక్కి తిరగకుండానే, మర్యాదగా, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు, "మీరు వేరే బస్సు చూసుకోండమ్మా," అంది.